ముందు నువ్వు కూర్చో

పోయిన శనివారం బాత్రూమ్‌లో బల్బు మాడిపోతే కొత్తది తెద్దామని హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. బల్బులు ఎడమ పక్కన ఉంటాయని నాకు బాగా తెలుసు. అయినా కాళ్ళు కుడి పక్కకే తిరిగాయి. అక్కడ ఎవరికో చెక్కలు కోసి ఇస్తున్నారు. నేను వెళ్ళేసరికి రంపం చప్పుడు ఆగిపోయింది గానీ, అప్పుడే కోసిన పైన్ చెక్క వాసన ఇంకా గాలిలోనే ఉంది. ఆ వాసన ముక్కుకి తగలగానే విశాలాక్షి గారు గుర్తొచ్చారు. అలా ఇలా కాదు, కొప్పులో గుచ్చుకున్న బల్లపరుపు వడ్రంగి పెన్సిలుతో సహా ఎదురుగా వచ్చి నిలబడ్డట్టే అయింది. సామాన్ల బండి పట్టుకుని అక్కడే ఆగిపోయాను. వెనక ఎవరో దారి అడిగేదాకా కదల్లేదు. ఇంటికి వచ్చాక చూసుకుంటే బల్బు తేలేదు. మా ఆవిడ హిమ "ఇంతసేపు ఏం కొన్నావ్ మరి?" అంది.

విశాలాక్షి గారు పోయి రెండేళ్ళయింది. ఇక్కడ క్యారీ ఊళ్ళో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. నేను ఆమెను మొదటిసారి చూసేటప్పటికే అరవై దాటాయి. నేత చీర కాస్త ఎత్తి బొడ్లో దోపుకుని, కాళ్ళకి బూట్లు వేసుకుని, కళ్ళకి దుమ్ము పడకుండా పెట్టుకునే పెద్ద కళ్ళద్దాలు మెడలో వేలాడేసుకుని గరాజ్‌లో ఏదో ఒకటి కోస్తూనో, నునుపు చేస్తూనో కనిపించేవారు. రెండు కార్లు పట్టే గరాజ్‌లో ఒక కారే ఉండేది. రెండో సగం పనిముట్లది. గోడ నిండా మేకులు, మేకులకి పనిముట్లు, ప్రతి పనిముట్టు చుట్టూ దాని ఆకారం పెన్సిలుతో గీసి ఉండేది. సుత్తి లేకపోతే సుత్తి బొమ్మ కనిపిస్తుంది. "ఎవరు పట్టుకెళ్ళారో అడగక్కర్లేదు అబ్బాయ్, ఏది పోయిందో గోడే చెప్తుంది" అనేవారు. వీధిలో తెలుగువాళ్ళంతా ఆమెని ఆంటీ అనే పిలిచేవాళ్ళం. ఆంటీల ఇళ్ళకి పచ్చళ్ళ కోసం వెళ్ళడం మనకి అలవాటు. ఈ ఆంటీ ఇంటికి మాత్రం నిచ్చెన కోసం వెళ్ళేవాళ్ళం. పచ్చడి అడిగితే, "అది మీ అంకుల్ డిపార్ట్‌మెంట్" అని నవ్వేవారు. నిజంగానే ఆ ఇంట్లో ఆవకాయ కలిపేది అంకులే.

ఈ విద్య ఎలా వచ్చిందని ఒకసారి అడిగాను. ఇసుకకాగితంతో ఒక చెక్కని రుద్దుతూ చెప్పారు. కొత్తగా పెళ్ళయి ఈ దేశం వచ్చినప్పుడు ఉన్నది ఒకటే కారు. అది తీసుకుని అంకుల్ పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోయేవారు. హైవే పక్కన అపార్ట్‌మెంటు. నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్నది ఒకే ఒక్క కొట్టు, అదీ హార్డ్‌వేర్ కొట్టు. "బట్టల కొట్టయితే బట్టలు నేర్చుకునేదాన్ని. నా ఖర్మకి మేకుల కొట్టు దొరికింది" అన్నారు. పగటివేళ కొట్టు ఖాళీగా ఉండేదట. గల్లా దగ్గర కూర్చునే ముసలాయన, చీర కట్టుకుని రోజూ వచ్చి ఏమీ కొనకుండా తిరిగే ఈ పిల్లని చూసి, ఒక్కో రోజు ఒక్కో పనిముట్టు చేతికిచ్చి దాని పేరు, దాని పని చెప్పేవాడట. "ఇంగ్లీషులో హౌ ఆర్ యూ అంటే ఏం జవాబు చెప్పాలో తెలియని రోజుల్లో నాకు రెంచ్ అంటే తెలుసు, చిజిల్ అంటే తెలుసు. అదే నాకు ధైర్యం" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో గొప్ప ఏమీ లేదు. ఏ ఊరి బస్సు ఎక్కారో చెప్పినంత మామూలుగా చెప్పారు.

ఇక నా సంగతి. నేను మెకానికల్ ఇంజనీర్ని. నవ్వకండి, పట్టా ఉంది. నాలుగేళ్ళు చదివి, వర్క్‌షాప్ పరీక్షలో ఎవరో అరగదీసిన ఇనప ముక్క నాదని చూపించి పాసై, సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. ఖమ్మంలో మా ఇంట్లో ట్యూబ్‌లైటు మార్చాలన్నా మనిషిని పిలిచేవాళ్ళం. అలాంటివాణ్ణి ఇక్కడ ఇల్లు కొనగానే నాకు ఏదో పూనింది. సేల్‌లో పెద్ద పనిముట్ల పెట్టె కొన్నాను. సూట్‌కేసులా ఉండేది. తెరిస్తే మూడు వరసల్లో తళతళలాడుతూ వందల ముక్కలు. వాటిలో సగం ఏమిటో నాకు తెలియదు, కానీ అవి నా దగ్గర ఉన్నాయన్న తృప్తి మాత్రం ఆకాశమంత ఉంది.

మొదటి యుద్ధం వంటింటి సామాన్ల గది తలుపుతో. అది పైన ఒక మూల చౌకట్టుకి రాసుకునేది. వేసిన ప్రతిసారీ కీచుమని అరిచేది. ఒక ఆదివారం దాన్ని ఊడదీసి, రాసుకునే అంచు కోసేద్దామని రంపం కోసం విశాలాక్షి గారింటికి వెళ్ళాను. "రంపం దేనికి?" అన్నారు. చెప్పాను. రంపం ఇవ్వలేదు. స్క్రూడ్రైవర్ ఒకటి, వేలంత పొడవున్న స్క్రూ ఒకటి పట్టుకుని నా వెంట వచ్చారు. తలుపు రెండుసార్లు తెరిచి మూశారు. పై మడతబందు దగ్గర వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడ వదులైంది. తలుపు పాపం ఏం చేసింది? దాన్ని కోసేద్దామనుకున్నావా?" అన్నారు. పొట్టి స్క్రూ తీసి పొడుగుది పెట్టి, నా చేతే బిగింపించారు. చివరి రెండు చుట్లలో తలుపు దానంతట అదే పైకి లేవడం నా కళ్ళారా చూశాను. కీచుమనలేదు. నాకు సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ ఆనందమేసింది. ఆ సాయంత్రం ఆ తలుపు ఎన్నిసార్లు తెరిచి మూశానో లెక్కలేదు. హిమ చూసి చూసి, "ఇంక చాలు, మళ్ళీ వదులు చేస్తావ్" అంది.

అదే రోజు నా సూట్‌కేసు పెట్టె చూపించాను, మెచ్చుకుంటారని. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో ముక్కా తీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టేశారు. "పెళ్ళిలో వెండి సామాను పేర్చినట్టుంది. బాగుంది, అలాగే ఉంచు" అన్నారు. తర్వాత నన్ను గరాజ్‌కి తీసుకెళ్ళి తను రోజూ వాడేవి చూపించారు. నాలుగైదుకి మించి లేవు. పిడి నల్లబడిన సుత్తి ఒకటి. దాని బరువే పని చేస్తుంది, మనం దారి చూపిస్తే చాలు అనేవారు. అంకెలు సగం అరిగిపోయిన టేపు. జానెడు రసమట్టం, అందులో బుడగ మధ్యకి వచ్చేదాకా ఆమె ఊపిరి బిగబట్టి చూసేవారు. నాలుగు మొనలు మార్చుకునే స్క్రూడ్రైవర్. అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం దారానికి కట్టిన చిన్న అయస్కాంతం. గోళీ అంత ఉంటుంది. ఇక్కడి ఇళ్ళ గోడలు జిప్సం అట్టలే కదా, వెనకాల అక్కడక్కడ చెక్క నిలువులు ఉంటాయి. అట్టని చెక్కకి బిగించిన స్క్రూలు పైకి కనిపించవు. ఈ దారం పట్టుకుని గోడ వెంట అయస్కాంతాన్ని జరిపితే స్క్రూ ఉన్నచోట టక్కున అంటుకుంటుంది. చెక్క అక్కడ ఉన్నట్టు. బ్యాటరీతో పనిచేసే ఖరీదైన మిషన్లు వచ్చినా ఆమె ఈ దారాన్ని వదల్లేదు. "మిషన్ అయితే ఉందనుకుంటుంది. ఇదైతే పట్టుకుంటుంది" అనేవారు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆమె వెంట తిరిగాను. అలమర అరలు బిగించాను, వంటింటి పంపు మార్చాను, పెరట్లో బల్ల కట్టాను. మా ఆఫీసులో తెలుగువాళ్ళు "శ్రీకాంత్‌ని పిలవండ్రా" అనడం మొదలుపెట్టారు. అక్కడే వచ్చింది తంటా. నాకు పొగరెక్కింది. ఒప్పుకోవడానికి నామోషీ ఏమీ లేదు, బాగానే ఎక్కింది.

మా పాప పుట్టింది. ఇరవయ్యొకటో రోజు బారసాల. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారికి ఒకటే పట్టు, పాపని వేలాడే చీర ఉయ్యాల్లో వేయాలని. బ్యాటరీ ఉయ్యాల చూపిస్తే, "అది మిక్సీలా ఉంది అల్లుడు గారూ" అని మొహం తిప్పుకున్నారు. సరే, నేనున్నానుగా అన్నాను. హాల్లో సరిగ్గా మధ్యలో, దీపం పెట్టే చోటికి ఎదురుగా, ఫొటోల్లో బాగా పడేట్టు చోటు చూసి కొక్కెం దిగ్గొట్టాను. మన వైపు ఇళ్ళలో స్లాబు వేసేటప్పుడే కొక్కేలు పెట్టేస్తారు. ఆ కొక్కేనికి ఏనుగుని కట్టినా ఊడదు. పుట్టినప్పటి నుంచి అలాంటి కప్పుల కింద బతికినవాణ్ణి కదా, పైన ఉన్నది కప్పు అనుకున్నాను గానీ అట్ట అనుకోలేదు. గోడలకి అయస్కాంతం పెట్టి చూసే నేను పైకప్పుకి పెట్టనే లేదు. కొన్న కొక్కెం కూడా మామూలుది కాదు, అట్ట పైకి వెళ్ళాక రెక్కలు విచ్చుకునేది. ప్యాకెట్ మీద యాభై పౌండ్లు మోస్తుందని రాసి ఉంది. పాప ఎనిమిది పౌండ్లు. ఇంజనీర్ని కాబట్టి పరీక్ష కూడా చేశాను. ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తాని చీరలో పెట్టి గంటసేపు వేలాడదీశాను. చెక్కుచెదరలేదు. ఆ బియ్యం బస్తా ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాను.

బారసాల రోజు పదకొండున్నరకి ముహూర్తం. సాయం చేద్దామని విశాలాక్షి గారు, అంకుల్ తొమ్మిదింటికే వచ్చారు. ఆమె లోపలికి వస్తూనే ఉయ్యాల చూశారు. పూలదండలు చుట్టి ఉంది, మెచ్చుకుంటారని నేను పక్కనే నిలబడ్డాను. ఆమె చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టి, కర్టెన్ కర్ర తీసుకుని కొక్కెం చుట్టూ కప్పుని మెల్లగా తట్టారు. డొల్ల చప్పుడు. ఇంకొంచెం పక్కన తట్టారు. మళ్ళీ డొల్ల. నా వైపు చూశారు.

"చెక్క దొరికిందా?"

"దీనికి చెక్క అక్కర్లేదాంటీ. రెక్కల కొక్కెం. యాభై పౌండ్లు మోస్తుంది. బియ్యం బస్తాతో టెస్ట్ చేశాను."

"బియ్యం ఊగుతుందా అబ్బాయ్?" అన్నారు. "ముందు నువ్వు కూర్చో."

నేను నవ్వాను. "నేను నూట డెబ్బై పౌండ్లు ఆంటీ. పాప ఎనిమిది. ఇదేం లెక్క?"

"పాప ఒక్కతే ఉంటుందా ఇందులో? వచ్చిన పిల్లల్లో ఎవడో ఒకడు చీర పట్టుకుని వేలాడతాడు. మీ అత్తగారు కింద నుంచి లేస్తూ పట్టుకుంటారు. అప్పుడు ఎన్ని పౌండ్లు? నువ్వు కూర్చోలేని దాంట్లో దాన్ని పడుకోబెడతావా?"

ఆమె గొంతు పెంచలేదు. కానీ హాల్లో అందరూ మా వైపు తిరిగారు. హిమ పక్కనే సోఫాలో పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. ఇంతమందిలో నా పని మీద అనుమానమా? చూపిద్దామని విసురుగా వెళ్ళి చీరలో కూర్చున్నాను. పూర్తిగా బరువు కూడా వేయలేదు, కాళ్ళు ఇంకా నేల మీదే ఉన్నాయి. ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఫెళ్ళుమంది. నేను నేల మీద ఉన్నాను, నా ఒళ్ళో కొక్కెం, నెత్తి మీద తెల్లటి పొడి, చుట్టూ పళ్ళెం అంత అట్ట ముక్కలు. "అయ్యో అల్లుడు గారూ!" అని మా అత్తగారు అరిచారు. నేను హిమ వైపు చూశాను. ఆమె కప్పులో పడ్డ కన్నం చూసింది, ఉయ్యాల చూసింది, పాపని గుండెకి అదుముకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది.

ఇంకో రెండు గంటల్లో నా కూతుర్ని నా చేతులతో అందులో వేసి ఊపేవాణ్ణి. అంతకు ముందు జీవితంలో నాకు అంత భయం వేయలేదు. నేల మీద నుంచి లేవలేకపోయాను. "బ్యాటరీ ఉయ్యాల్లోనే వేద్దాం. లేకపోతే మీరే బిగించండి ఆంటీ, నాకు చేతకాదు" అన్నాను. నిజంగా ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు కూడా.

"నేను బిగిస్తే? నీ కూతురు ఊగినప్పుడల్లా నేనెలా బిగించానో అని నువ్వు భయపడాలా? లే. మొహం కడుక్కో" అన్నారు. అంకుల్‌ని ఇంటికి పంపి నిచ్చెన, డ్రిల్లు, బొటనవేలు లావున్న ఉక్కు కొక్కెం తెప్పించారు. చేతిసంచిలోంచి దారానికి కట్టిన అయస్కాంతం తీసి నా చేతిలో పెట్టారు. నిచ్చెన ఎక్కాను. అయస్కాంతాన్ని వేళ్ళతో పట్టుకుని కప్పు వెంట జరిపాను. కన్నానికి జానెడు అవతల టక్కున అంటుకుంది. అదే వరసలో ఇంకోచోట అంటుకుంది, ఇంకోచోట. దూలం అలా పోతోందన్నమాట. జానెడు దూరం. ఫొటోల కోసం నేను వదులుకున్నది ఆ జానెడే.

ఆమె కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. నేను డ్రిల్లు పెట్టే ముందు, పైకి చూడకుండా, ఎవరికీ వినపడనంత మెల్లగా చెప్పారు. "మా కిరణ్‌కి ఏడాదిన్నర అప్పుడు, వాడి మంచం పైన పుస్తకాల అర బిగించాను. అప్పటికి నాకు అన్నీ వచ్చుననే లెక్క. ఒకవైపు చెక్క దొరికింది, రెండో వైపు దొరకలేదు. ఏమవుతుందిలే అనుకున్నాను. మధ్యాహ్నం వాడు పడుకుని ఉండగా నీళ్ళు కావాలని లేచి వంటింట్లోకి వచ్చాడు. నేను గ్లాసు నోటికి పెడుతుంటే చప్పుడైంది. వెళ్ళి చూస్తే అర మొత్తం వాడి దిండు మీద ఉంది."

"అంకుల్ ఏమన్నారు?"

"ఊడిందని చెప్పాను. దిండు సంగతి చెప్పలేదు. ఇవాళ్టికీ చెప్పలేదు. నువ్వు ఇవాళ కింద పడ్డావు చూడు, అంత అదృష్టం నాకు పట్టలేదు. నాకు చెప్పేవాళ్ళు లేరు" అన్నారు. "ఇంక డ్రిల్లు పెట్టు. నిటారుగా పట్టుకో. దానికి తొందరలేదు, నీకూ వద్దు."

అట్ట దాటాక చెక్క తగిలింది. డ్రిల్లు గొంతు మారింది. చెక్క పొట్టు సన్నగా నా మొహం మీద రాలింది. ఉక్కు కొక్కేన్ని చేత్తో తిప్పి తిప్పి, చివరికి దానిలో స్క్రూడ్రైవర్ దూర్చి రెండు చేతులతో తిప్పితే గానీ లోపలికి పోలేదు. చీర మళ్ళీ కట్టాం. నేను కూర్చున్నాను. ఈసారి కాళ్ళు పైకెత్తి ఊగాను. అంకుల్ కూర్చున్నారు. విశాలాక్షి గారు కూర్చుని రెండు ఊపులు ఊగి, "ఫర్వాలేదు" అన్నారు. ఆమె నోటి నుంచి అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఎవరూ ఎప్పుడూ వినలేదు. మా అత్తగారు ఛీ ఛీ అంటూ కూర్చుని చిన్నపిల్లలా నవ్వారు. పైన పెద్ద కన్నం అలాగే ఉంది, దానికి ఎవరో మామిడాకులు అడ్డం పెట్టారు.

ముహూర్తానికి హిమ పాపని ఎత్తుకుని బయటికి వచ్చింది. ఉయ్యాల దగ్గర ఆగి, "నువ్వు కూర్చున్నావా?" అని అడిగింది. కూర్చున్నానన్నాను. "ఇంకా ఎవరు?" అంది. అందరి పేర్లూ చెప్పాను. వాళ్ళమ్మ చేతులు చాచారు గానీ, హిమ పాపని నా చేతుల్లో పెట్టింది. "నువ్వే వెయ్యి" అంది.

వేశాను. పెద్దవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. అందరూ పాప మొహం చూస్తున్నారు. నేను మాత్రం విశాలాక్షి గారిని చూశాను. ఆమె పాడటం లేదు. ఉయ్యాలకి అవతలి పక్క కాస్త వంగి, రెండు చేతులూ చీర కిందకి చాచి నిలబడ్డారు. తాకడం లేదు. చీర ఇటు వస్తే చేతులు ఇటు, అటు పోతే అటు. దూలం దొరికింది, ఉక్కు కొక్కెం దిగింది, నలుగురు పెద్దవాళ్ళం కూర్చుని ఊగాం, ఆవిడే ఫర్వాలేదన్నారు. అయినా పాటలన్నీ అయిపోయేదాకా ఆ చేతులు అక్కడి నుంచి కదల్లేదు.

తర్వాత కొన్నేళ్ళకి ఆమె, అంకుల్ కిరణ్ దగ్గరికి రెడ్‌మండ్ వెళ్ళిపోయారు. వెళ్ళేముందు గోడ మీద పనిముట్లు వీధిలో అందరికీ పంచారు. నాకు సుత్తి, రసమట్టం వచ్చాయి, బాగానే వాడుతున్నాను. పని నేర్పినందుకు ఆమెకి నేను ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. కానీ పని ఎవరి దగ్గరైనా నేర్చుకోవచ్చు, వీడియో చూసి కూడా నేర్చుకోవచ్చు.

కిందటి నెల పాప గదిలో ఎత్తు మంచం కట్టాను, కింద చదువుకునే బల్ల, పైన పడక. చెక్క నిలువులు వెతికే బిగించాను. నేను ఎక్కి పడుకున్నాను, పొర్లాను, గెంతాను. హిమ ఎక్కింది. తర్వాత పాపని ఎక్కమన్నాను. అది పైకెక్కి, అటూ ఇటూ దొర్లి, అంచు మీంచి కిందకి తొంగి చూసింది.

"నాన్నా, నీ హ్యాండ్స్ ఎందుకు అలా పెట్టావ్?"

"ఊరికే అమ్మా."

"ఇట్స్ నాట్ ఫాలింగ్ నాన్నా. నువ్వే కదా చేశావ్."

"అవును, నేనే చేశాను. నువ్వు ఆడుకో" అన్నాను. చేతులు మాత్రం దించలేదు.